బొర్రా, బెలుం, కుటుంసర్: మీ ఇంటిల్లిపాదికీ ఏ గుహ సరిపోతుంది?

దసరా సెలవులు వచ్చాయంటే మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అరకు వెళ్తున్నాం, బొర్రా గుహలు చూడొచ్చా? అమ్మా నాన్నా కూడా వస్తున్నారు" అని ఒకరు. "బొర్రా ఎప్పుడో చూసేశాం, ఈసారి బెలుం వెళ్దామా?" అని ఇంకొకరు. ఈమధ్య రీల్స్ చూసి "బస్తర్‌లో ఏదో చీకటి గుహ ఉందట కదా, గుడ్డి చేపలుంటాయట" అని అడిగేవాళ్లూ తయారయ్యారు. ఆ చీకటి గుహే ఛత్తీస్‌గఢ్‌లోని కుటుంసర్. ఈ మూడు చోట్లకీ నేను కుటుంబంతోనే వెళ్లాను. కుటుంబం అంటే అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్యగారు, ఇద్దరు మగపిల్లలు, ఘాట్ రోడ్డు అనగానే బ్యాగులో నిమ్మకాయలు సర్దుకునే మా ఆవిడ.

ఏది పెద్దది, ఏది అందంగా ఉంటుంది అని అడిగితే నేను సమాధానం చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను. మీలో ఎవరు మధ్యలో ఆగిపోతారు? ఆగిపోయినవాళ్లకు ఆ రోజు చూడ్డానికి ఏం మిగులుతుంది?

ఎందుకంటే గుహ దగ్గర సగం దారిలో ఆగిపోవడం మామూలే. గుడికి వెళ్తే మెట్లెక్కలేనివాళ్లు కింద ధ్వజస్తంభం దగ్గర కూర్చుని దండం పెట్టుకుంటారు, జలపాతానికి వెళ్తే దూరం నుంచి చూస్తారు. గుహకు ఆ వెసులుబాటు అన్నిచోట్లా లేదు. లోపలికి వెళ్లకపోతే కొన్నిచోట్ల కనిపించేది ఒక బొక్క, ఒక టికెట్ కౌంటర్, అంతే.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. నెట్‌లో "ఆంధ్రాలో గుహలు" అని కొడితే ఉండవల్లి కూడా వస్తుంది. అది మనుషులు ఉలితో తొలిచిన నాలుగంతస్తుల కొండ. చాలా బాగుంటుంది, కానీ దాని సంగతి వేరు. ఇక్కడ చెప్పేది నీళ్లు తొలిచిన గుహల గురించి.

బొర్రా: మోకాళ్ల పరీక్ష

బొర్రా గుహలు అనంతగిరి కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. విశాఖ నుంచి తొంభై కిలోమీటర్లు, అరకు నుంచి ముప్పై ఆరు. టికెట్ తీసుకుని నాలుగు మెట్లు దిగి మలుపు తిరగ్గానే గుహ నోరు కనిపిస్తుంది, అదీ దీని ప్రత్యేకత. చిన్న సందు కాదు, ఊరి జనమంతా ఒకేసారి నిలబడగలిగినంత పెద్ద నోరు. పగటి వెలుగు లోపలికి చాలా దూరం పడుతుంది. పైకప్పులో ఒకచోట పెద్ద రంధ్రం ఉంది, మధ్యాహ్నం వేళ అందులోంచి ఎండ దిగుతుంది.

ఆ రంధ్రం మీద కథ కూడా ఉంది. మేత మేస్తున్న ఆవు ఒకటి అందులోంచి లోపలికి పడిందట, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందట. గుహలోంచి పారే నదికి గోస్తని అన్న పేరు ఆవు పొదుగు నుంచే వచ్చిందని చెప్తారు. కథను నమ్మినా నమ్మకపోయినా నీళ్లు మాత్రం నిజం. ఈ గోస్తనే తాటిపూడి రిజర్వాయర్ దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ కుళాయిల్లోకీ వస్తాయి కాబట్టి, ఆ ఊరివాళ్లు బొర్రా వెళ్లడమంటే ఒకరకంగా తాము తాగే నీటి పుట్టింటికి వెళ్లడమే.

ఇక మెట్లు. దిగేటప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింద నుంచి లేచిన రాతి మొగ్గలు, వాటి మీద ఎరుపు, పచ్చ, నీలం లైట్లు. గైడ్ టార్చి తిప్పుతూ "ఇదిగో శివపార్వతులు, ఇదిగో రుషి గడ్డం, ఇదిగో మనిషి మెదడు, అదిగో మొసలి" అని చూపిస్తుంటాడు. పిల్లలకు ఇది భలే ఆట. మా చిన్నాడు గైడ్ చెప్పని ఆకారాలు కూడా కనిపెట్టాడు, అందులో ఒకటి వాళ్ల క్లాస్ టీచరు. అసలు కష్టమంతా తిరుగు ప్రయాణంలో. మెట్లు తడిగా ఉంటాయి, కొన్ని ఎత్తుగా ఉంటాయి, ఎన్నున్నాయో లెక్కపెడతానన్న మా పెద్దాడు నూటయాభై దగ్గర లెక్క తప్పిపోయాడు. శివలింగం ఉన్న చోటికైతే మళ్లీ నిటారుగా ఎక్కాలి. లింగాన్ని చూడకుండా వెనక్కి వెళ్లేది లేదని ముందురోజు రాత్రే ప్రకటించిన మా అత్తయ్యగారు, ఆ మెట్ల మొదట్లో నిలబడి పైకి ఒకసారి చూసి, "మీరు వెళ్లి నా పేరు చెప్పండి" అన్నారు.

కానీ చూడండి, ఆవిడ ఓడిపోలేదు. పెద్ద హాల్లో రెయిలింగ్ పక్కన ఒక బండమీద కూర్చుని మేము తిరిగొచ్చేదాకా గుహంతా కళ్లతోనే తిరిగొచ్చారు. పైకప్పు నుంచి నీటిబొట్టు పడే చప్పుడు, గబ్బిలాల కిచకిచలు, ఎండ రేఖ ఎలా జరిగిందీ ఆవిడే మాకు చెప్పారు. బొర్రాకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఇదే. సగంలో ఆగినా ముప్పావు వంతు చూసినట్టే. గుహ నోటి దగ్గరే ఆగినవాళ్లకు కూడా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మైనస్‌లు లేవని కాదు. లోపలి భాగాల్లో గబ్బిలాల రెట్ట వాసన ఘాటుగా ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవడం మంచిది. బయట కోతులు. చిప్స్ ప్యాకెట్ చేతిలో కనిపించిందంటే అది మీది కాదు. డిసెంబర్, జనవరి ఆదివారాల్లో జనం ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ దిగాల్సిందే. మహాశివరాత్రికి జాతర జరుగుతుంది, భక్తి కోసమైతే అప్పుడే వెళ్లండి, గుహ కోసమైతే అప్పుడు వద్దు.

గైడ్లు చెప్పే చరిత్రను మాత్రం కాస్త అనుమానంతోనే వినండి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ గుహలు కనిపెట్టాడని బోర్డుల్లోనూ పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. ఆ సంస్థ పుట్టిందే 1851లో. పైగా చుట్టుపక్కల కొండల్లో ఉండే గిరిజనులకు ఈ గుహ ఏ దొరా చూపించక్కర్లేదు కదా. నాకు అంతకంటే ముఖ్యమైన తేదీ 1997. ఈ అనంతగిరి మండలంలోనే, బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో గనుల లీజుల మీద మొదలైన గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూముల్ని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని తీర్పు వచ్చింది. సమత తీర్పు అంటారు దాన్ని. గుహ బయట మీకు వెదురు బొంగుల్లో చికెన్ కాల్చి పెట్టే ఆవిడ, కాఫీ గింజలు అమ్మే కుర్రాడు ఇంకా అదే నేల మీద ఉన్నారంటే అందులో ఆ తీర్పుకూ వాటా ఉంది.

బెలుం: ఊపిరి పరీక్ష

బెలుం కొండ ప్రయాణం కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, దాదాపు చదునైన నేల. దారంతా నాపరాయి గనులు, సిమెంటు లారీలు, మధ్యమధ్య శనగ చేలు. గుహ ఉందని చెప్పే గుర్తు పైకి ఏమీ కనిపించదు, ఒక పెద్ద బుద్ధ విగ్రహం తప్ప. నేలలో మూడు బావుల్లాంటి గుంటలున్నాయి. నడిమి దాంట్లోకి మెట్లు దిగుతాం. అక్కడి నుంచి అంతా అడ్డంగా, పక్కలకు, మెలికలు తిరుగుతూ పోతుంది.

మన ఇళ్లలో పాతకాలంలో పరిచిన కడప బండలు గుర్తున్నాయా? నల్లగా, చల్లగా, ఎండాకాలం మధ్యాహ్నం దిండు కూడా లేకుండా పడుకునేవాళ్లం. బెలుం గోడలు ఆ రాయి చుట్టాలే. మా తాతగారింటి నడవా బండల్లో కనిపించే సన్నటి పొరలే ఇక్కడ గోడ నిండా, పుస్తకాల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఎప్పుడో పారిన నీళ్లు వాటి అంచుల్ని నున్నగా అరగదీశాయి. చెయ్యి వేయాలనిపిస్తుంది, వేయకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

కొలిచినవాళ్ల లెక్క ప్రకారం ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనల్ని వెళ్లనిస్తారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980ల మొదట్లో డేనియల్ గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచి మ్యాపు వేశాడు. అంతకుముందు ఊళ్లోవాళ్లు దీన్ని చెత్త వేసే గుంటగా కూడా వాడారట. పర్యాటక శాఖ దారులు వేసి, లైట్లు పెట్టి 2002లో జనానికి తెరిచింది. లోపల కోటిలింగాలు, వేయి పడగలు, ఊడల మర్రి, సప్తస్వరాల గుహ, ధ్యానమందిరం అని పేర్లు పెట్టారు. అన్నిటికంటే లోతు పాతాళగంగ, ప్రవేశం నుంచి 46 మీటర్లు కిందకి. అక్కడ నీటి చప్పుడు వినిపిస్తుంది. ఒకప్పుడు ఇక్కడ బౌద్ధ, జైన సన్యాసులు ఉండేవాళ్లని చెప్తారు. ఆ మాట వింటూ ధ్యానమందిరంలో ఒక్క నిమిషం కూర్చున్నా చాలు, వాళ్లు ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది. ఆ నిమిషం దొరకాలంటే మాత్రం స్కూలు బస్సులు రాకముందే వెళ్లాలి.

బెలుంలో ఇబ్బంది పెట్టేది గాలి. గుహ లోపలి వేడి మామూలుగా ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. అనంతగిరి కొండల మీద గుహకు పెద్ద నోరు, పైన రంధ్రాలు, గాలి ఆడుతుంది. రాయలసీమ మైదానంలో నేల కింద, సన్నటి దారుల్లో, వందలమంది ఊపిరి, లైట్ల వేడి, తేమ అన్నీ కలిస్తే చొక్కా పది నిమిషాల్లో వీపుకు అంటుకుంటుంది. గాలి కోసం పైనుంచి గొట్టాలు దింపారు, వాటి కింద నిలబడితే ప్రాణం లేచొస్తుంది. బీపీ, గుండె జబ్బు, ఊపిరి సమస్య ఉన్నవాళ్లు ఆ గొట్టాన్నే గుర్తుగా పెట్టుకోవాలి, దాన్ని దాటి ఇంకా లోపలికి పోకుండా. ఆరడుగులున్న మా బావమరిది ఒకేచోట రెండుసార్లు తల కొట్టుకున్నాడు, వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. పొడుగువాళ్లు టోపీ పెట్టుకోండి.

అదే సమయంలో మెట్లు బొర్రాతో పోలిస్తే తక్కువ. నడక ఎక్కువ. మోకాళ్లు నొప్పి కానీ ఊపిరి గట్టిగా ఉన్నవాళ్లకు బెలుం నయం. కానీ నా అసలు ప్రశ్నకు ఇక్కడ సమాధానం బాగుండదు. కింద దిగలేనివాళ్లకు పైన ఏం మిగులుతుంది? బుద్ధ విగ్రహం, కొన్ని చెట్లు, ఒక టీ. మా అత్తయ్యగారు బెలుంలో రెండు గంటలు మా చెప్పుల సంచి, పర్సులు కాపలా కాస్తూ వేపచెట్టు కింద కూర్చున్నారు. "నన్ను వేపచెట్టు చూడ్డానికి అంత దూరం తీసుకెళ్లారు" అని ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్తుంటారు.

అందుకే బెలుంను ఒంటరిగా పెట్టుకోవద్దు. చుట్టుపక్కల ఊళ్లు కలుపుకుంటేనే ప్రయాణానికి విలువ. యాగంటిలో కోనేరు, పెరిగే నంది, కొండలో గుహలు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల శిల్పాలు. గండికోట లోయ. పెద్దవాళ్లు దిగలేని రోజున వాళ్లకోసం ఇంకో రోజు ఉండాలి. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ రెండు రాత్రుల ప్రయాణంగా ఇది చక్కగా కుదురుతుంది.

కుటుంసర్: గుండె పరీక్ష

అరకు వెళ్లి, ఇంకో రెండు రోజులు చేతిలో ఉన్నవాళ్లకే ఇది. అరకు రైలు అక్కడితో ఆగదు, అదే పట్టాల మీద కొరాపుట్ దాటి జగదల్‌పూర్ మీదుగా కిరందుల్ దాకా వెళ్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. మనకేమో సొరంగాల సరదా. జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ ఘాటీ నేషనల్ పార్కు. ఆ అడవిలో ఉంది కుటుంసర్.

ఇక్కడ రంగు లైట్లు లేవు. అసలు లైట్లే లేవు. అటవీశాఖ గేటు దగ్గర టికెట్టు, జీపు, గైడ్. లోపలికి దారి రాతి చీలిక, ఒకరి వెనక ఒకరు, కొన్నిచోట్ల భుజం పక్కకు తిప్పుకుని ఇనుప మెట్ల మీద దిగాలి. గైడ్ చేతిలో సోలార్ లాంతరు. ఆ లాంతరు ఎంతవరకు పడుతుందో గుహ అంతవరకే ఉంటుంది. పెద్ద హాల్లోకి వెళ్లాక మా గైడ్ "ఒక్క నిమిషం, ఎవరూ ఫోన్లు తీయకండి" అని లాంతరు ఆపేశాడు. ఊళ్లో కరెంటు పోతే వచ్చే చీకటి కాదది. మొహం ముందు చెయ్యి ఊపుకున్నా కనిపించదు. మా ఆవిడ గడియారంలో రేడియం ముల్లు ఒక్కటే పచ్చగా తేలుతోంది. మా చిన్నాడు నా బొటనవేలు దొరకబుచ్చుకుని, లాంతరు మళ్లీ వెలిగాక కూడా చాలాసేపు వదల్లేదు.

గుడ్డి చేపలు నిజమే. నీటి గుంటల్లో తరతరాలుగా వెలుగు లేకుండా బతికి కళ్లు పనికిరాకుండా పోయిన చిన్న చేపలు. గైడ్ లాంతరు వంచి చూపిస్తాడు. చిటికెన వేలంత ఉంటాయి, పాలిపోయిన రంగు. రీల్స్ చూసి డాల్ఫిన్లు ఊహించుకున్న పిల్లలు నిరాశపడతారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. గుహ గోడల మీద ఒకరకం కీచురాయి కూడా ఉంటుంది. 1950ల్లో ఈ గుహను శాస్త్రీయంగా పరిశీలించిన శంకర్ తివారీ పేరు మీదే దాని జాతికి పేరు పెట్టారు.

కుటుంసర్ గురించి రెండు షరతులు. వానాకాలంలో గుహలోకి నీళ్లు వస్తాయి కాబట్టి మూసేస్తారు, మామూలుగా నవంబర్ ప్రాంతంలో మళ్లీ తెరుస్తారు. అంటే దసరా సెలవుల ప్లాన్‌లో దీన్ని పెట్టుకుంటే దెబ్బతింటారు. రెండోది, ఇరుకు అంటే భయపడేవాళ్లు, లిఫ్టులో కూడా టెన్షన్ పడేవాళ్లు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, బాగా లావుగా ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. అక్కడ వెనక్కి తిరగాలంటే వెనక ఉన్నవాళ్లంతా తిరగాలి. ఆగిపోయినవాళ్లకు మిగిలేది అడవి. కానీ తీరథ్‌గఢ్ జలపాతం అదే పార్కులో ఉంది, ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం జగదల్‌పూర్‌కు ఇంకోవైపు. పెద్దవాళ్లకు జలపాతం, పిల్లలకు గుహ అని పంచుకుంటే ఎవరికీ వేపచెట్టు మిగలదు.

అటువైపు వెళ్లేవాళ్లకు మధ్యలో కొరాపుట్ జిల్లాలో గుప్తేశ్వర్ ఉంది. సున్నపురాయి గుహలో శివుడు, చుట్టూ అడవి, కింద శబరి నది. అది గుహ చూసే చోటు కంటే గుడి. అలా అనుకునే వెళ్తే చాలా ప్రశాంతంగా ఉంటుంది.

రైలా, కారా, ఎప్పుడు?

బొర్రాకు అందరూ చేసే తప్పు ఒకటి, నేనూ చేశాను. ఒక ట్రావెల్స్ వాళ్లు ఒక్కరోజులో తొమ్మిది చోట్లు చూపిస్తామంటే ఆశపడ్డాం. మ్యూజియం, తోటలు, కాఫీ తోటలు, వ్యూపాయింట్లు, భోజనం, షాపింగ్. బొర్రా చేరేసరికి నాలుగున్నర దగ్గర పడింది. సగం మెట్లు దిగామో లేదో గార్డు విజిల్. ఆ రోజు మేము చూసింది గుహను కాదు, ముందు నడిచేవాళ్ల మడమల్ని.

రైలు అనుభవం కావాలంటే ఉదయం విశాఖలో కిరందుల్ రైలెక్కండి. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017 నుంచి నడుస్తోంది, టికెట్లు సెలవుల్లో చాలా ముందే అయిపోతాయి. కొండెక్కేటప్పుడు రైల్లో వెళ్తే ఘాట్ రోడ్డు వాంతుల బాధ కూడా ఉండదు, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. బొర్రా గుహలు స్టేషన్లోనే దిగిపోవచ్చు, కానీ లగేజీతో దిగితే అక్కడి నుంచి అరకు వెళ్లడానికి బండి మాట్లాడుకోవాలి. పిల్లలు, పెద్దవాళ్లు, నాలుగు సూట్‌కేసులు ఉంటే నేను చెప్పే పద్ధతి వేరే: రైల్లో నేరుగా అరకు వెళ్లి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు తొమ్మిదింటికి కార్లో బయల్దేరి, గుహ తెరిచే వేళకు, అంటే ఉదయం పది ప్రాంతంలో, బొర్రాలో ఉండండి. విశాఖ నుంచి వచ్చే బస్సులు అప్పటికి ఇంకా ఘాట్ ఎక్కుతూ ఉంటాయి. చూసుకుని అట్నుంచటే కిందకి. కటికి జలపాతానికి జీపులవాళ్లు అడుగుతారు. వానాకాలం తర్వాత అయితే సరే, ఏప్రిల్‌లో అయితే ఆ డబ్బుతో కాఫీ పొడి కొనుక్కోండి.

నెలల సంగతి. బొర్రా సెప్టెంబర్, అక్టోబర్‌లలో బాగుంటుంది. వానలకు గుహ ఇంకా తడిగా, బతికున్నట్టు ఉంటుంది, గోస్తనిలో నీళ్లుంటాయి, డిసెంబర్ జనం ఉండరు. తుఫాను హెచ్చరిక ఉంటే మాత్రం ఘాట్ ఎక్కొద్దు. బెలుం నవంబర్ నుంచి ఫిబ్రవరి. మేలో పిల్లలకు సెలవులు కదా అని బెలుం పెట్టుకుంటే లోపల చెమట, బయట నిప్పులు. కుటుంసర్ డిసెంబర్ నుంచి మార్చి. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో ఆ రోజుకారోజు కనుక్కోండి, కరెంటు మరమ్మతులకో వర్షానికో ఉన్నట్టుండి మూసేస్తుంటారు.

చంటిపిల్లల తల్లులకు ఒక్క మాట. మూడు చోట్లా తోపుడు బండి పనికిరాదు, బిడ్డను ఒంటికి కట్టుకునే సంచి కావాలి. బొర్రాలో పెద్ద హాలు దాకా తీసుకెళ్లొచ్చు. మిగతా రెండిటికీ వద్దు. చెప్పుల విషయంలో హీల్స్, తోలు చెప్పులు, నున్నటి అడుగు ఉన్నవేవీ వద్దు. పాత స్పోర్ట్స్ బూట్లే నయం. చీరకట్టు ఉన్నవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవాలి, తడిమెట్ల మీద అది నిజంగా ప్రమాదం. లోపల బాత్రూములు ఉండవు. టార్చి ఫోన్‌లో ఉందిగా అనుకోకండి, చేతిలో ఫోన్ ఉంటే రెయిలింగ్ పట్టుకోలేరు.

ముట్టుకోవద్దని ఎందుకన్నానంటే: వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లం అవుతుంది. సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పగుళ్లలోంచి గుహ పైకప్పుకు చేరుతుంది. అక్కడ బొట్టుగా వేలాడినప్పుడు ఆ వాయువు గాల్లోకి పోయి, కరిగిన సున్నం పొరగా మిగిలిపోతుంది. ఇలా బొట్టు బొట్టుగా, ఏడాదికి మిల్లీమీటరులో ఎన్నోవంతు. మన చేతి జిడ్డు అంటుకుంటే నీళ్లు అక్కడ సరిగా అంటవు, పెరుగుదల ఆగిపోయి రాయి నల్లబడుతుంది. బొర్రాలో చేతికందే ఎత్తులో ఉన్నవాటినీ, అందని ఎత్తులో ఉన్నవాటినీ పోల్చి చూడమని పిల్లలకు చెప్పండి, తేడా వాళ్లే పట్టేస్తారు. బెలుంలో సప్తస్వరాల గుహ దగ్గర రాళ్ల మీద కొట్టి సరిగమలు వినిపిస్తామనే ఉత్సాహవంతులు ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. మీవాళ్లయితే ఆపండి.

ఇన్ని చెప్పాక ఎవరికి ఏది అంటే, మొదటిసారి గుహ చూసే కుటుంబానికి, మూడు తరాలూ కలిసి వెళ్తుంటే, నేను మారుమాట లేకుండా బొర్రాయే అంటాను. పెద్దవాళ్లు లేకుండా, పదేళ్లు దాటిన పిల్లలతో, నడవడానికి బద్ధకం లేనివాళ్లకు బెలుం బొర్రా కంటే నచ్చుతుంది. అక్కడ దారి ఇంకా ఎటు పోతుందో అన్న కుతూహలం చివరిదాకా ఉంటుంది. బొర్రాలో ఆ కుతూహలం మొదటి పది నిమిషాల్లోనే తీరిపోతుంది. కుటుంసర్ ఆ రెండూ చూసేసినవాళ్లకు. బొర్రా కంటే ముందు కుటుంసర్ చూస్తే పిల్లలు రంగు లైట్లు చూసి "ఇదేంటి, పెళ్లి పందిరా?" అంటారు. మావాళ్లు అన్నారు.

బొర్రాయే ఖాయమైతే ఇంకొక్క పని. గుహలోకి దిగకముందే బయట బొంగు చికెన్‌కు ఆర్డరిచ్చేయండి, నిప్పుల మీద ఉడకడానికి టైం పడుతుంది. లోపల ఆగిపోతామనే అనుమానం ఉన్నవాళ్లకు ఆ పని అప్పజెప్పకండి, వాళ్లు దిగడమే మానేస్తారు. రెండోసారి వెళ్లినప్పుడు మా అత్తయ్యగారు సరిగ్గా అదే చేశారు. మేము రొప్పుతూ పైకొచ్చేసరికి ఒక బొంగు ఖాళీ.